రాజుగారి తలపాగా, లక్కన తెరలు

ఒకానొక రాజ్యంలో అని మా మేనత్త కథ ఎత్తుకునేది, వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ. గింజలు ఏరినంతసేపే కథ. అందుకని నేను ఏరేసిన గింజల్ని దొంగచాటుగా మళ్లీ చింతపండులో కలిపేవాణ్ని.

ఆ కథల్లో ఒకటి నా తలకి ఆలస్యంగా ఎక్కింది. ముప్పై ఏళ్లు నేనో ఆఫీసులో కాగితాలకి నకళ్లు తీసే సైక్లోస్టైల్ మిషను తిప్పాను. అది మొరాయిస్తే లేపే కిటుకు నాకొక్కడికే తెలుసు. ఎవరైనా అడిగితే "అదంతా చేతి మహిమ నాయనా" అని నవ్వేవాణ్ని. నేను లేకపోతే ఆఫీసు ఆగిపోతుందని నా ధీమా. నేను రిటైరైన వారానికే వాళ్లు జిరాక్స్ మిషను కొనుక్కున్నారు. కాబట్టి ఈ కథ చెప్పడానికి నాకంటే అర్హుడు దొరకడు.

ఆ రాజ్యం పేరు మంజిష్ఠపురం. ఏలిక ఉద్దండవర్మ. మంచివాడే, కాకపోతే తాను మంచివాడినన్న సంగతి రోజుకి నాలుగుసార్లు చాటింపు వేయించేవాడు. అక్కడి అద్దకశాలలో తయారయ్యే ఎర్రబట్టకి దేశదేశాల్లో పేరు. ఆ పేరు నిలబెట్టడానికి రాజుగారు ఒక శాసనం చేశారు. ఏటా విజయదశమినాడు, ఇంకెవరికీ తెలియని విద్య తెలిసిన పనివాడికి బంగారు కంకణం!

అంతే, అద్దకశాలలో తడికలు లేచాయి. బట్టని కరక్కాయ నీళ్లలో నానబెట్టే బంగారమ్మ ఒక తడిక వెనక. పటిక పట్టించి, మంజిష్ఠ వేళ్ల రంగులో ఉడికించే నర్సప్ప ఇంకో తడిక వెనక. ఉతికి ఆరేసే గంగులు ఎక్కడ ఉతుకుతాడో వాడి పెళ్లానికే తెలియదు. ఒకప్పుడు ముగ్గురూ ఒకే గంజికుండ చుట్టూ కూర్చుని, పాటలు పాడుకుంటూ పనిచేసిన వాళ్లే. ఇప్పుడు దగ్గు వచ్చినా ఆపుకుంటున్నారు, దగ్గులో రహస్యం బయటపడుతుందేమోనని.

ఆ ఏడు విజయదశమినాడే జరిగే రాజుగారి పాతికేళ్ల పట్టాభిషేకోత్సవానికి సింహాసనం మీద కట్టే ఎర్ర మేల్కట్టు అద్దారు. విప్పి చూస్తే మరకలు మరకలుగా, తాంబూలం ఉమ్మినట్టు ఉంది.

రాజుగారు మండిపడ్డారు. "ఎరుపు ఎవడి పని?"

"నాదే ఏలికా" అన్నాడు నర్సప్ప. డెబ్బై ఏళ్లవాడు. మోచేతులదాకా ఎర్రరంగు ఇంకిపోయిన మనిషి. "ఎప్పటిలాగే చేశాను. ఎందుకిలా అయిందో తెలియడం లేదు."

"తెలియకపోతే పొలిమేర దాటు. ఉత్సవానికి ఏడు రోజులుంది. ఈలోగా ఎరుపు రాకపోతే ఈ రాజ్యంలో నీకు నీళ్లు కూడా పుట్టవు."

రాజుగారికి తలపాగా చుట్టే లక్కన ముందుకొచ్చాడు. తలపాగా చుట్టడం వాడి ఉద్యోగం, తలతిక్క దించడం వాడి సరదా.

"మహాప్రభూ, ఈసారి కంకణానికి మేమూ పోటీపడతాం. తమరిని అలంకరించే వాళ్లం నలుగురం ఉన్నాం. మా విద్యలు మాత్రం రహస్యాలు కావా? రేపు పొరుగుదేశపు రాయబారి వస్తున్నాడు కదా. నాలుగు తెరలు కట్టుకుని, ఎవరి తెర వెనక నుంచి వాళ్లం తమరిని ముస్తాబు చేస్తాం."

రాజుగారు మీసం దువ్వారు. "భేష్! ఇదిరా నా శాసనం అర్థమైనవాడి మాట!"

మర్నాడు పొద్దున్నే తెరలు లేచాయి. రాజుగారు నడుమ నిలబడ్డారు. వెనక తెరలోంచి లక్కన చేతులు చాచి, నలభై మూరల తలపాగా చుట్టి, కొసని వీపు మీద బారుగా వదిలాడు. పక్క తెరలోంచి పుల్లడు నడుముకి పట్టుదట్టీ బిగించాడు. వీపు మీదున్న కొస వాడికి కనబడలేదు, దాన్నీ కలిపే ముడేశాడు. కింద తెరలోంచి ముత్తడు తడుముకుంటూ పాదుకలు తొడిగాడు, కుడిది ఎడమకి, ఎడమది కుడికి.

"అద్దమేదిరా?" అన్నారు రాజుగారు.

"పట్టుకునే ఉన్నాను ఏలికా" అన్నాడు అద్దంవాడు, తన తెర వెనక నుంచే.

"సరే సరే, పట్టుకో" అని రాజుగారు కొలువులోకి నడిచారు. పాదుకలు తిరగబడి బాతులా నడవాల్సొచ్చింది. రాయబారి అదీ రాచఠీవేమో అనుకుని ఊరుకున్నాడు. సింహాసనం ఎక్కడానికి రాజుగారు నడుం వంచారు. దట్టీలో ఇరుక్కున్న కొస లాగేసరికి తల వెనక్కి వాలింది. గింజుకుంటే చుట్లు వదులై తలపాగా జర్రున జారి ముక్కు దాకా దిగింది.

"ఎవడ్రా దీపాలార్పింది!" అని రాజుగారి గర్జన. పట్టపగలు!

రాయబారి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

"లక్కనా! ఎవడిదిరా ఈ తప్పు?"

లక్కన వచ్చి తలపాగాలోంచి రాజుగారి ఒక కన్ను మాత్రం బయటికి తీశాడు. "ఎవరిదీ కాదు మహాప్రభూ. నా చుట్టు గొప్ప చుట్టు. పుల్లడి ముడి గొప్ప ముడి. ఒకడి పని ఇంకొకడికి చెప్పకపోవడమే మా అందరి ప్రతిభ. ఇప్పుడు కంకణం ఎవరికిప్పిస్తారో, పొలిమేర ఎవరిని దాటిస్తారో తమరే సెలవివ్వాలి."

ఆ ఒక్క కంటితో రాజుగారు మూలనున్న మరకల మేల్కట్టుని చూశారు.

"ఆ ముగ్గురినీ పిలిపించండి" అన్నారు.

వచ్చారు. ఏం జరిగిందో చెప్పమంటే ముగ్గురూ నేలచూపులే. ఇన్నేళ్లు దాచిన నోళ్లు ఒక్క మాటకి తెరుచుకుంటాయా?

లక్కన గొంతు తగ్గించాడు. "ముందు పెద్దవాళ్లు తమకి రానిది ఒప్పుకుంటే, చిన్నవాళ్లకి ధైర్యం వస్తుంది ప్రభూ."

చాటింపు లేకుండా రాజుగారు మాట్లాడటం అదే మొదలు. "పాతికేళ్లుగా నెత్తిన పెట్టుకు తిరుగుతున్నాను. ఈ తలపాగా చుట్టుకోవడం నాకు రాదు."

గంగులు బావురుమన్నాడు. "నాదే తప్పు బాబయ్యా! ఏటిలో నేనుతికే పాయ ఎండిపోయింది. పెద్ద నూతి నీళ్లలో ఉతికాను. కంకణం పోతుందని ఎవరికీ చెప్పలేదు."

"ఆ ఉప్పునూతి నీళ్లలోనా!" నర్సప్ప తల బాదుకున్నాడు. "ముందే ఒక మాట అంటే ఆ నీళ్లకి తగ్గట్టు పటిక మార్చేవాణ్ని కదరా!"

"కరక్కాయ కూడా ఈ ఏడు వట్టి పిప్పి, నేనూ చెప్పలేదన్నా" అంది బంగారమ్మ.

ఆ సాయంత్రమే తడికలు పీకి పొయ్యిలో పెట్టారు. వాటి మంట మీదే రంగు ఉడికింది. అయిదో రోజుకి మేల్కట్టు మందారపువ్వులా విచ్చుకుంది. మళ్లీ ఒకటే గంజికుండ, మళ్లీ ఆ పాటలు. నర్సప్పకి చరణాలు మరుపొస్తే గంగులు అందించాడు.

ఉత్సవంనాడు రాజుగారు వంకరటింకర తలపాగాతో వచ్చారు. స్వయంగా చుట్టుకున్నారట. "ఇకమీదట కంకణం దాచినవాడికి కాదు, నేర్పినవాడికి. నేర్చుకున్నవాడి పని చూసి ఇస్తాం. లక్కనా, చెయ్యి చాపు!"

"నేనేం నేర్పాను ప్రభూ?"

"ఇదిగో, ఇది" అని రాజుగారు తలపాగా చూపించారు. అది అప్పుడే ఒక చెవి మీదికి జారింది. ఆయన పగలబడి నవ్వి, కంకణం తొడిగి, తన ముత్యాల హారం కూడా వాడి మెడలో వేశారు.

మేనత్త ఇక్కడికొచ్చేసరికి గింజలైపోయేవి. ఇప్పుడు మేనత్తా లేదు, ఆ వసారా లేదు. మా సైక్లోస్టైల్ మిషను మాత్రం స్టోరురూములో ఉందని విన్నాను. ఎవరైనా దాన్ని తిప్పదలిస్తే, ఎడమవైపు అడుగున మోకాలితో ఒక్కసారి మెల్లగా పొడవాలి. అంతే.

ముప్పై ఏళ్లు దాచింది ఇదీ.