గురక పెట్టిన నేరం

నేను గురక పెడతానని మా ఆవిడ అంటుంది. నాకెప్పుడూ వినపడలేదు కాబట్టి నేను నమ్మను. కొమరగిరి రాజుగారికీ సరిగ్గా నాకున్నంత తెలివే ఉండేది. కాకపోతే ఆయనకో చెరసాల కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం రాజుగారు తన గురకకు తానే ఉలిక్కిపడి లేచారు. ఎదురుగా వింజామర వీచే పైడయ్య కనిపించాడు.

"నా గదిలో గురకా? వీణ్ణి చెరలో వేయండి!"

మర్నాడు మళ్లీ ఉలిక్కిపడి కాపలావాణ్ణి వేయించారు. ఆ మర్నాడు తాంబూలం అందించేవాణ్ణి.

పెళ్లయిన నాటినుంచీ నిద్రలేని రాణిగారికి తలపోటు, కళ్లకింద నలుపు, మొగుణ్ణి చూస్తే ఒళ్లుమంట. ఆవిడ చెరసాలకొచ్చి, "మీరంతా ఇలా నిగనిగలాడుతున్నారేమర్రా?" అంది.

"నిద్రమ్మా! మీరూ నేరం ఒప్పేసుకోండి," అన్నాడు పైడయ్య.

రాణి తిన్నగా వెళ్లి, "ఇవాళ గురక పెట్టింది నేనే," అని ఒప్పేసుకుంది. గురకకు చెర అన్న శాసనం తనదే కనుక రాజుగారు కాదనలేకపోయారు.

ఇక గదిలో ఒంటరిగా పడుకున్నా ఆయనకు మెలకువ తప్పలేదు. మండిపడుతూ చెరసాలకొచ్చి, పైడయ్యను తట్టి లేపారు.

"ఒరే, గురక పెట్టేవాళ్లంతా ఇక్కడున్నారు, చప్పుడే లేదు. నా గదిలో ఎవడూ లేడు, అక్కడేమో మోత. ఇంతకీ ఆ వెధవ ఎవడ్రా?"

పైడయ్య ఆదమరిచి నిద్రపోతున్న రాణివైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఎవడైనా సరే ప్రభూ, పట్టుకుని ఇక్కడ మాత్రం వేయకండి. అమ్మగారు లేస్తారు."