ఆరో రాయి తర్వాత

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా, నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఊడి ఈ చేటలో పడాలి. పడలేదుగా. అయితే విను.

ఒక ఏరు ఉండేది. ఎంత వెడల్పంటే, కాకి ఇవతలి ఒడ్డున బయల్దేరేటప్పుడు సద్దిమూట కట్టుకోవాల్సిందే. నీళ్లు ఏడాది పొడుగునా ఎర్రటి బురద. చెయ్యి ముంచితే గాజులు కూడా కనబడవు. ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు, మధ్యన ఒకే ఒక్క పడవ.

ఇవతలి ఊళ్లో ఒక మంత్రసాని ఉండేది. వయసు నూటపది. ఆ ఊళ్లో ఊపిరి పీల్చేవాళ్లందరినీ ఆవిడే బయటికి లాగింది, మేకలతో సహా.

ఆ ఊరికి తాతలనాటి కథ ఒకటుంది. ఒక రాతిపనివాడు ఏట్లో దిగి, నీళ్లడుగున ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రాళ్లు పరిచాడట. చివరి రాయి పెడుతుండగా ఏరు అతన్ని మింగేసింది. మూడో రోజు పొద్దున్నే తడిబట్టలతో తిరిగొచ్చి, దారి వేశాను, నడవండి అన్నాడట.

ఆ సంతోషంలో ఊరివాళ్లు ఒడ్డున ఒక పాక వేశారు. నేల అలికి, దాని మీద ముగ్గుతో రాళ్లు గీశారు. ఆదివారం ఆదివారం డప్పు కొట్టి, పాట పాడుతూ, ఆ ముగ్గురాళ్ల మీద ఒకరి వెనక ఒకరు నడిచేవారు. చివరి రాయి దాటినవాళ్ల చేతిలో పాకపెద్ద బెల్లంముక్క పెట్టేవాడు. ఏట్లోకి మాత్రం ఎవరూ దిగింది లేదు. పడవుండగా పంచె తడుపుకునేదెవరు?

పాక మధ్యలో ఒక గుంజ ఉంది. తిన్నగా నడిస్తే ముక్కు పగులుతుంది కనక, ఎప్పుడో ఎవరో ఆరో రాయి తర్వాత ముగ్గుని ఎడమకి తిప్పారు. ఆ మలుపుకి ఒక చరణం కూడా కట్టారు. పాట మొత్తంలో అందరూ ప్రాణం పెట్టేది ఆ చరణానికే. అది అందుకున్నారంటే ఊళ్లో గేదెలు పిలవకుండానే పాలు చేపేవి.

ఇలా ఉండగా ఒక ఆషాఢంలో గాలివాన పడవని ఎత్తుకుపోయింది. మర్నాడు మంత్రసాని ఒడ్డుకొచ్చి చూస్తే, అవతలి ఒడ్డున జంటతాళ్లకి, అదే ఆ రెండు తాటిచెట్లకి, రెండు ఎర్రగుడ్డలు ఎగురుతున్నాయి. ఒక గుడ్డయితే నొప్పులు మొదలయ్యాయని గుర్తు. రెండైతే బిడ్డ అడ్డం తిరిగిందని. అవతలి ఊళ్లో నెలలు నిండినది ఒక్కతే, మంత్రసాని మనవరాలు.

ఆవిడ ఆముదం బుడ్డి బొడ్లో దోపుకుని తిన్నగా పాకపెద్ద దగ్గరికి వెళ్లింది. "నాయనా, ఆ రాళ్లు నిజంగా ఉన్నాయా?" అని అడిగింది.

పాకపెద్ద మంచివాడు. కళ్లు మూసుకుని చాలాసేపు చెప్పాడు. ఉన్నాయా లేవా అన్నది చిన్న ప్రశ్న అన్నాడు. ఆ కథ మనకి ఓదార్పునిస్తోందా, పిల్లలకి బుద్ధి నేర్పుతోందా, అది చూసుకోవాలి అన్నాడు. చివరికి, "నమ్మకమే రాయి అవ్వా. గుండె నిబ్బరం ఉండాలి" అన్నాడు.

"నిబ్బరం నా దగ్గర కడివెడుంది, కావాలంటే నీకూ ఓ చెంబుడు పోస్తాను. కాలి కింద ఏముందో చెప్పు."

పాకపెద్ద మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అంతకుముందు ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు మరి.

పాక చూరులో పట్టుగుడ్డ చుట్టిన తాటాకుల కట్ట ఒకటుండేది. దాన్ని కళ్లకద్దుకునేవారే గాని విప్పినవాళ్లు లేరు. మంత్రసాని దాన్ని లాగింది. పాకపెద్ద అడ్డొచ్చాడు. "నువ్వు పుట్టినప్పుడు అడ్డం తిరిగావు, సరిచేశాను. ఇప్పుడు మళ్లీ తిరగకు" అని, ముడి విప్పి కూడబలుక్కుంటూ చదివింది.

అది అప్పటి జాలర్లు చెప్పి రాయించింది. తిరిగొచ్చిన రాతిపనివాణ్ని మొదట దయ్యమనుకుని పారిపోయామని చెప్పుకున్నారు. తర్వాత అతని అరచేతుల్లో రాళ్లు కోసిన గాట్లు తడిమి చూశారట. నిప్పుల మీద కాల్చిన చేప ఇస్తే తిన్నాడట. ఆనక తామూ ఇవతలి ఒడ్డున నల్లబండ దగ్గర దిగి, జంటతాళ్లకేసి తిన్నగా నడిచారట. ఎక్కడా మలుపు లేదు.

"అదంతా అందానికి రాసుకుంటారు" అన్నాడు పాకపెద్ద.

"అందానికైతే వాళ్ల పిరికితనం వాళ్లే రాసుకుంటారా? చేప వాసన ఎందుకు మధ్యలో?" అంది మంత్రసాని. కట్ట మళ్లీ జాగ్రత్తగా చుట్టి అతని చేతిలో పెట్టింది.

ఆవిడ నల్లబండ దగ్గర దిగేసరికి ఊరంతా ఒడ్డున చేరింది. కాళ్లు చలికి, భయానికి తప్పెట కొడుతున్నాయి. మొదటి అడుగు. నీళ్ల కింద గట్టిగా తగిలింది. రెండోది కూడా. ఊరివాళ్లకి ఉత్సాహం వచ్చి పాట ఎత్తుకున్నారు. ఆరో రాయి మీదికి వచ్చేసరికి, ప్రాణం పెట్టి ఆ చరణం అందుకున్నారు.

చదివింది బుర్రకి గుర్తుంది గాని, నూరేళ్ల అలవాటు కాళ్లకి ఏం తెలుసు? ఎడమ కాలు దానంతట అదే ఎడమకి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. మంత్రసాని గడ్డం దాకా మునిగింది. నీళ్లు మింగింది, ఏరు జానెడు తగ్గేటంత మింగింది. కుడికాలు ఇంకా ఆరో రాయి మీదే ఉండబట్టి, ఎలాగో పైకి లేచింది.

ఒడ్డున పాట ఆగలేదు. ఆవిడ వాళ్లకేసి చూడడం మానేసి, రెండు ఎర్రగుడ్డలకేసి చూసి, వణుకుతూ కాలు తిన్నగా చాపింది. రాయి తగిలింది.

మధ్యాహ్నానికి అవతల ఒక ఎర్రగుడ్డ దిగింది. కాసేపటికి రెండోదీ దిగి, పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఎంత గట్టిగా అంటే, ఇవతలి ఊళ్లో కుండల మీద మూతలు ఎగిరాయి.

మూడోనాడు మంత్రసాని వెళ్లిన దారినే తిరిగొచ్చింది. పాకపెద్ద ఎదురెళ్లి, "నీ నిబ్బరమే నిన్ను దాటించిందవ్వా" అన్నాడు.

"అది ఆరో రాయి దగ్గరే ఏట్లో కొట్టుకుపోయింది నాయనా. ఆ తర్వాత అంతా వణుకుతూనే నడిచాను. రాయి మాత్రం వణకలేదు."

ఊరివాళ్లకి ఆవిడంటే భక్తి పెరిగిపోయింది. వచ్చే ఆదివారానికల్లా ముగ్గులో ఎడమ మలుపు దగ్గర ఒక నీళ్లతొట్టి పెట్టారు. అక్కడికొచ్చాక ప్రతివాడూ గడ్డం ముంచి, రెండు గుక్కలు మింగి ముందుకెళ్లాలని ఆచారం పెట్టారు. మంత్రసాని ఒక మూల కూర్చుని తల పట్టుకుంది.

పాకపెద్ద మాత్రం ఆ రోజు బెల్లం పంచలేదు. పాట మధ్యలో ఎటో లేచి వెళ్లాడు. వచ్చేసరికి అతని పంచె నడుం దాకా తడిసి, ఎర్రటి బురద కారుతోంది. చూరులోంచి గొడ్డలి తీసి, గుంజ మొదట్లో వేటు వేశాడు.

ఇప్పుడా పాక కప్పు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. వానొస్తే కారుతుంది కూడా. ముగ్గు మాత్రం తిన్నగా ఉంది.

ఏంటి, నన్నలా చూస్తావు? కాకి సద్దిమూట, గేదెల పాలు, కుండల మూతలు, అవన్నీ నావే, ఒప్పుకుంటాను. పళ్లు ఊడకపోయినా కదులుతున్నాయి. కాల్చిన చేప, నీళ్ల కింద రాయి మాత్రం నావి కావు. నేను చెప్పానని నమ్మకు. లే, ఇంకా పొద్దుంది. నల్లబండ దగ్గర దిగి కాలు పెట్టి చూడు. ఎలాగూ అవతలికి చేరతావు కనక, జంటతాళ్ల పక్కిల్లే నా మనవరాలిది. నా ఆముదం బుడ్డి అక్కడే మరిచొచ్చాను, పట్టుకురా.