కోరలు రాలిన చోటు

పరాంకుశం మాస్టారు ప్రశ్నకు జవాబు చెప్పరు. అడిగినవాళ్లకు ఏదో ఒక పని అప్పగిస్తారు. ఆయన దగ్గర పురుగుల శాస్త్రం నేర్చుకోవాలంటే బోలెడంత ఓపిక కావాలి. ఝాన్సీకి ఉన్నది బోలెడంత ధీమా.

వ్యవసాయ కళాశాల వంగతోటలో ఆమెకొక ముక్కుపురుగు దొరికింది. వెడల్పాటి పొట్టి ముక్కు, ఒళ్లంతా బూడిదరంగు పొలుసులు, అన్నీ మామూలే. కానీ దవడలకు రెండు వంకర కోరలున్నాయి. తోటలో ఇంకే పురుగుకీ అవి లేవు. ఇక కొత్త జాతే అని తేల్చేసింది. నిరుడు పోయిన నాన్న పేరు దానికి పెడతానని అమ్మకు ఫోన్ కూడా చేసింది. మొక్క కింద తువ్వాలు పరిచి పురుగుల్ని దులపడం చిన్నప్పుడు ఆమెకు నేర్పింది ఆయనే. పంట తినే పురుగుకు నాన్న పేరేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ అనుకుంది. అమ్మ మాత్రం సంతోషంతో ఏడ్చింది.

"కొత్త జాతి అని ఎప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు మాస్టారూ?"

ఆయన భూతద్దం పెట్టి చూశారు. "దీన్ని చంపకు. సీసాలో వేసి, వంగాకు పెట్టి నువ్వే మేపు," అన్నారు.

ఝాన్సీ సణుక్కుంటూనే మేపింది. ఒక ఉదయం చూస్తే ఒక కోర లేదు. తన చెయ్యి తగిలి విరిగిందేమోనని సీసా అడుగంతా వెతికింది. మర్నాటికి రెండోదీ పోయింది. కోరలున్న చోట రెండు నున్నటి మచ్చలు మిగిలాయి. ఆ మచ్చలు ఆమె ఇదివరకు చూసినవే, లెక్కలోకి తీసుకోలేదంతే. తోటలోకి పరుగెత్తి, తువ్వాలు పరిచి మొక్కల్ని దులిపింది. పడిన ప్రతి పురుగు దవడ మీదా అవే మచ్చలు.

సీసా తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది.

"మామూలుదేనండీ. మట్టిని చీల్చుకుని అప్పుడే పైకొచ్చిన పసిది. ఆ పనికే కోరలు, పనయ్యాక రాలిపోయాయి. అమ్మకు ఏం చెప్పనండీ? నాన్నది ఏమీ మిగల్లేదు."

"దీని జాతి ఏదో ఇప్పుడు చెప్పగలవా?"

ఝాన్సీ కళ్లు తుడుచుకుని, ఎప్పటి నుంచో ఉన్న ఆ పాత పేరే తడుముకోకుండా చెప్పింది.

మాస్టారు ఆమె భుజం మీది తువ్వాలు వైపు చూశారు.

"ఈ వెడల్పు ముక్కువాటిని మనం గుర్తుపట్టేది కోరల్ని బట్టి కాదమ్మా," అన్నారు. "అవి రాలిన మచ్చల్ని బట్టి."