బొల్లికి గాలి సోకిందట!

గొర్రె తలకాయలో మెదడు లేదని నవ్వేవాళ్లంతా కాస్త ఇలా వచ్చి కూర్చోండి. ఈ సంగతి మీకోసమే.

వాగు ఒడ్డున బీడులో నూరు గొర్రెల మంద ఒకటుండేది. దానికి పెద్ద వీరకొమ్ము అనే పొట్టేలు. పొగరుబోతే గానీ చెడ్డవాడు కాదు. ఆ మందలోదే బొల్లి. దాని పిల్లని మొన్నటి వానల్లో వాగు లాక్కుపోయింది. అప్పట్నించి బొల్లి మేత ముట్టదు, నెమరు వేయదు, ఆకు కదిలితే ఉలిక్కిపడుతుంది. మందకి ఎడంగా నిలబడి నీళ్లకేసే చూస్తూ ఉంటుంది.

"నెల దాటింది. ఇంకా ఏడుపేనా? పక్క మందలవాళ్లు నవ్విపోతున్నారు," అని విసుక్కున్నాడు వీరకొమ్ము.

ఆ మాట పొదలో ఉన్న జిత్తయ్య అనే నక్క చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే నుదుట విభూతి పూసుకుని వైద్యుణ్ణంటూ దిగాడు.

"అయ్యయ్యో, దీనికి గాలి సోకింది పెద్దాయనా!" అన్నాడు బొల్లి చుట్టూ ఓసారి తిరిగి. "మేత మానడం, నిద్ర లేకపోవడం, ఉలికిపాటు. అన్నీ ఉన్నాయి. పైగా ఇది అంటుకుంటుంది. ఎండువాగు గుంటలో మూడు పగళ్లు ఒంటరిగా కూర్చోబెట్టండి. ఎవరూ పలకరించకూడదు. నేను మంత్రం వేస్తాను."

ఆ గుంటలో తోడేలు పళ్లు నూరుకుంటూ కూర్చున్న సంగతి మాత్రం చెప్పలేదు లెండి.

"మంచిదే," అని వీరకొమ్ము తల ఊపాడు. పక్క గొర్రె ఊపింది. దాన్ని చూసి దాని పక్కది. గొర్రెదాటు తెలుసుగా? నాదీ కలుపుకుని నూరు తలలూ ఊగాయి.

బొల్లి తలొంచుకుని గుంటకేసి నడవబోయింది. అది చూసి మాచక్క ముందుకొచ్చింది. మాచక్క మందలో అందరికంటే పెద్దది, నోరుగలది, దేనికీ బెదరదని పేరు.

"ఆగవే బొల్లీ, నేనూ వస్తా."

"నువ్వెందుకే?" అన్నాడు వీరకొమ్ము.

"మూడేళ్ల కింద నా కవలలు పోయినప్పుడు నాకూ ఇదే వచ్చింది. చచ్చిపోతే బాగుండనిపించేది. సిగ్గేసి మీకెవరికీ చెప్పలా. గడ్డి నోట్లో పెట్టుకుని నమిలినట్టు నటించేదాన్ని."

బొల్లి నెల తర్వాత మొదటిసారి తలెత్తింది. "నీకా అక్కా? నువ్వు రాయిలాంటిదానివనుకున్నానే!"

"రాయినేం కాదే తల్లీ. మరి ఇవాళ నీ ముందు నిలబడ్డానా లేదా? అంటే ఇది తగ్గేదేగా!"

జిత్తయ్య కళ్లు మెరిశాయి. ఒకటనుకుంటే రెండు! "అయితే నీలోనూ గాలి మిగిలే ఉంది. ఎప్పుడైనా ఈ లక్షణాలు వచ్చినవాళ్లంతా రావలసిందే!" అన్నాడు. ఆ ఒక్క మాటతో కొరివితో తల గోక్కున్నాడు.

"అయితే నేనూ," అంది ఓ పడుచు గొర్రె. "చూలు పోయినప్పుడు నాకూ నిద్ర పట్టేది కాదు."

"కుక్క తరిమిన రోజునుంచి నాకూ గుండెదడే," అంది ఇంకొకటి.

ఇక చూస్కోండి! ఒకటి నోరు విప్పితే దాని వెనకది, దాని వెనకది. చివరికి వీరకొమ్ము గొంతు సవరించుకున్నాడు. "పోయినేడు పోటీలో ఓడాక నేనూ నెల్లాళ్లు నిద్రపోలేదర్రా. ఎవరైనా అడుగుతారేమోనని కొమ్ములు ఊపుకుంటూ తిరిగాను."

"తనదాకా వస్తేగానీ తెలియదంటారు. నీకు వచ్చీ తెలియలేదా?" అంది మాచక్క.

"తప్పు నాదే," అన్నాడు పొట్టేలు తలొంచుకుని.

"సరే పదండి. వైద్యుడుగారి మాట కాదనకూడదు," అంది మాచక్క.

బొల్లిని మధ్యలో పెట్టుకుని మందంతా కదిలింది. "అందరూ వద్దు! ఒక్కొక్కరే, ఒక్కొక్కరే!" అని జిత్తయ్య గొంతు చించుకున్నా వినేదెవరు? ముందుదాని కాలు పడ్డాక వెనకదాని కాలు ఆగదు. అది మా గొర్రెల జాతి గుణం. గుంటకి దారి ఒక్కటే. తోడేలు ఒళ్లు విరుచుకుని లేచేలోపే వీరకొమ్ము వాడి డొక్కలో ఒక్క పోటు పొడిచాడు. వెనకాల నాలుగువందల గిట్టలు!

"ఒక్కటే వస్తుందన్నావు కదరా!" అని తోడేలు కుయ్యోమంటూ గట్టెక్కి, కోపమంతా జిత్తయ్య వీపు మీద తీర్చుకుని పారిపోయాడు.

బొల్లి ఆ రోజే బాగుపడిందా అంటే, లేదు. అంత తేలికైతే అది బాధెందుకవుతుంది? మాచక్క రోజూ దాని పక్కనే పడుకునేది. మాట్లాడితే వినేది, మాట్లాడకపోతే ఊరుకునేది. "మందు కావాలంటే తెలిసినవాళ్లనే పిలుద్దాం. కానీ ఏ కష్టం వచ్చినవాళ్ల పక్కన ఆ కష్టం పడ్డవాళ్లు ఒకరుండాలి," అని మందకి కట్టుబాటు పెట్టింది. తొమ్మిదో రోజు పొద్దున బొల్లి గడ్డిపరక కొరికింది. మాచక్క చూడనట్టే ఊరుకుంది గానీ లోపల ఎంత పొంగిపోయిందో నాకు తెలుసు.

ఇక జిత్తయ్య గాట్లు నాక్కుంటూ వాగు అవతలి మందకి వెళ్లాడు. కానీ కబురు వాడికంటే ముందే అక్కడికి చేరింది. గట్టు మీద అడుగు పెట్టాడో లేదో, గొర్రెలన్నీ ఒక్కసారే లేచి నిలబడ్డాయి. "వైద్యుడుగారూ, మాకూ వచ్చింది. అందరం రమ్మంటారా?"

మందలోంచి ఒకరిని విడదీసే వైద్యం ఎప్పుడూ తోడేలుకే మేలు.