బియ్యం డబ్బాలో తాళంచెవి

బ్రేకులా? మీ నాయన కారు బ్రేకులకేం రోగమమ్మా? ఎవురు చెప్పారో గానీ నీకు, జనం నోటికొచ్చింది వాగతా ఉండారు. షహీనా, ఇనపడతా ఉందా? ఈ ఫోనొకటి నా ప్రాణానికి.

మీ నాయన మస్తాను నాలుగేండ్లు వరసగా రేసు కప్పు తెచ్చినోడు. కారు తోలడం నేర్పింది మా ఆయన, చెంచయ్య మేస్త్రి. ఆ మనిషి ఏదీ నోటితో నేర్పడు. చేసి చూపిస్తాడు, అంతే. నాతో కాపరం కూడా అట్నే చేశాడు.

వాళ్ల షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. స్టీరింగు పట్టుకోబోయే ముందు కండ్లు మూసుకోని, ఎడం చేత్తో బోల్టుకి నట్టు ఎక్కించాల. నట్టు మరలో నేరుగా ఎక్కకుండా పక్కకి పట్టిందా, చెయ్యి కుదురుగా లేదని లెక్క, ఆ రోజు బండి లేదు.

ఐదో ఏడు రేసుకి రెండ్రోజుల ముందు కారు బోల్తా కొట్టి మీ నాయన తలకి దెబ్బ తగిలింది. కారు బాగుచేశారు. మనిషి మాత్రం నాకేం కాలేదంటాడు. తిన్నది తిన్నట్టు కక్కుకుంటా ఉండాడు, ఏం కాలేదంట.

రేసు రోజు పొద్దున్నే ఈయన షెడ్డులో నట్టూ బోల్టూ మీ నాయన చేతిలో పెట్టాడు. మూడు సార్లు ఎక్కిస్తే మూడు సార్లూ పక్కకే పట్టిందంట. షెడ్డులో వాళ్లు చెప్తే నాకు తర్వాత తెలిసింది.

"నాలుగు కప్పులు గెలిచినోడికి నట్టు పరీక్షేంది మేస్త్రీ?" అన్నాడంట.

"కప్పులు చూసి మలుపు పక్కకి జరగదురా," అన్నాడంట ఈయన.

ఆ ముక్క ఇంట్లోకొచ్చి నాతో అంటే ఏం పోయింది? కారు తాళంచెవి తెచ్చి బియ్యం డబ్బాలో ఏశాడు, నీళ్లు పోసుకోను పోయాడు. ఏందయ్యా ఇది అంటే పలకడు.

ఎనకాలే మీ నాయన వచ్చాడు, నవ్వుకుంటా. "పెద్దమ్మా, మేస్త్రి తాళంచెవి తెమ్మన్నాడు."

బియ్యంలో చెయ్యి పెట్టి తీసి నేనే ఇచ్చినా తల్లీ. గెల్చుకోని రా నాయనా, అని కూడా అన్నా. రేసు మైదానం దగ్గరే. ఈయన తల తుడుచుకుంటా వచ్చేలోగా కారు పోయింది.

రెండో మలుపులో గోడకి కొట్టాడు.

ఆస్పత్రిలో మంచం పక్కన మీ నాయన చెయ్యి పట్టుకోని కూచున్నాడు ఈయన. ఇప్పుడన్నా నన్ను తిట్టయ్యా అన్నా. తిట్టలా. తిట్టమని నేనే అరిచినా, మొత్తుకున్నా. నర్సమ్మ వచ్చి నన్నే బయటికి పొమ్మనింది.

తెల్లారేసరికి మస్తాను లేడు.