ఇఫ్తారు ముందు బీడీ

దస్తగిరికి ఒకటే దిగులు. పదకొండేళ్ళుగా గురువు సేవలో ఉన్నాడు, అయినా కొండగుహలో నలభై రోజుల ఏకాంత సాధనకు అనుమతి దొరకలేదు. ఆ సాధన పూర్తయితేనే గురువు తన చేత్తో ఫకీరు అంగీ తొడుగుతారు. తన వెనక వచ్చిన ఇద్దరు అంగీ తొడిగించుకుని వెళ్ళిపోయారు కూడా. అడిగినప్పుడల్లా గురువు హబీబుల్లా హజ్రత్‌ది ఒకటే మాట: ముందు ఆ బీడీ సంగతి చూడు.

పదకొండేళ్ళ సేవ పోయి పోయి ఓ బీడీ దగ్గర ఆగిపోవాలా అని దస్తగిరికి ఒళ్ళు మండేది.

మండుటెండల్లో రంజాన్ వచ్చింది. ఆ సాయంత్రం ఉపవాసం విడవడానికి శిష్యులంతా చాప మీద కూర్చున్నారు. మధ్యలో ఖర్జూరాలు, నీళ్ళు, సాంబ్రాణి వేసిన నిప్పుల పళ్ళెం. దస్తగిరి మోకాలి పక్కన బీడీకట్ట. ఇతగాడు ఖర్జూరం నమిలీ నమలకముందే బీడీ ముట్టించేవాడు. ఒక్కోరోజు ఖర్జూరం సంగతే మర్చిపోయేవాడు.

ఆ రోజు గుహకు పంపమని తెగించి అడిగేశాడు. తెల్లవారుజాము నుంచి ఒక్క దమ్ము పీల్చలేదనీ, ఇరవై రోజులుగా ఇదే నిష్ఠ అనీ, బీడీ తన చెప్పుచేతల్లో లేదని ఇంకెవరైనా ఎలా అంటారనీ గట్టిగానే వాదించాడు. గొంతులో కాస్త పొగరు కూడా ఉంది, దాచడమెందుకు.

కొండ మీద పొద్దు ఇంకా బెత్తెడు ఉంది. హజ్రత్ కట్టలోంచి ఒక బీడీ లాగి, కొసను నిప్పుకణిక మీద ఆనించారు. అది రాజుకుంది. శిష్యులు గుడ్లప్పగించి చూశారు. పుట్టి బుద్ధెరిగి ఆయన చేతిలో బీడీ చూసి ఎరగరు వాళ్ళు.

గుహలో చలెక్కువ, కంబళి తీసుకెళ్ళాలి సుమా అని మాట్లాడుతూనే ఆయన బీడీని దస్తగిరి వైపు చాచారు.

దస్తగిరి అందుకున్నాడు. పెదాల దాకా తీసుకెళ్ళాడు.

హజ్రత్ అతని మణికట్టు పట్టుకున్నారు. "బేటా, ఇంకా పొద్దు గూకలేదు."

దస్తగిరి కొయ్యబారిపోయాడు. ఇది తన చెయ్యేనా? ఎప్పుడు లేచింది? కాసేపటికి అజాన్ వినిపించింది. అందరూ ఖర్జూరాలు అందుకున్నారు. అతను మాత్రం కదల్లేదు.

"పొద్దున్నుంచీ ఆగాను హజ్రత్," అన్నాడు ఏడుపు గొంతుతో. "పద్నాలుగు గంటలు ఆగాను."

హజ్రత్ బీడీని మట్టిలో నలిపేసి, ఒక ఖర్జూరం అతని అరచేతిలో పెట్టారు.

"నువ్వు ఆగలేదు బేటా. ఇంతసేపూ నీకెవరూ ఇవ్వలేదు."