వాగు దాటడానికి పంజా ముద్ర

వాగుకి ఇవతల ఒక అడవి, అవతల ఇంకో అడవి. అటువైపు రాజు వేరు, రివాజు వేరు. అక్కడో జలపాతం ఉందని గేదె చిన్నప్పటి నుంచీ వింటోంది. ఒక్కసారి దాని కింద నిలబడి వీపు తడుపుకోవాలని, దూడకి కూడా చూపించాలని దాని ఆశ. వానలు మొదలైతే వాగు పొంగుతుంది, మళ్లీ చలికాలం దాకా దారి ఉండదు. ఈలోపే వెళ్లిరావాలి. అందుకు అటువాళ్ల అనుమతి కావాలా, అక్కర్లేదా? ఈ ఒక్క ముక్క తేల్చుకోలేక గేదె తల వాచిపోయింది.

కాకిని అడిగింది.

“అనుమతా, పాడా! నేను రోజూ పోతున్నా, రోజూ వస్తున్నా. నన్నెవరడిగారు?”

“నీకు రెక్కలున్నాయే తల్లీ! నా సంగతి చెప్పు.”

“అదే చెబుతున్నా, ఎగిరిపో!”

తాబేలును అడిగింది.

“మా తాత వెళ్లినప్పుడు కావాలన్నారు.”

“మరి ఇప్పుడో?”

“ఇప్పుడు తాత లేడుగా!”

ఇలా ఉంటాయి సలహాలు. తెలియదు అనడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాదు.

చివరికి నక్క దగ్గరికి వెళ్లింది.

“భలేదానివి వదినా! అనుమతి లేకుండా కాలు పెడితే కొమ్ములు పీకి పంపిస్తారు. నేనున్నాగా, టేకాకు మీద పంజా ముద్ర వేసిస్తా. పూటకో ముంత పాలు పొయ్యి, చాలు.”

పిచ్చి గేదె దూడ కడుపు మాడ్చి నక్కకి పాలు పోసింది. ముద్ర పడింది.

“ఇక వెళ్లొచ్చా మరిదీ?”

“ముద్ర ఆరనీ.”

ఆరింది.

“పున్నమి చంద్రుడు దాన్ని చూడాలి.”

చూశాడు. ఆకాశంలో మబ్బులు మూసుకొస్తున్నాయి. గేదెకి ఒళ్లు మండిపోయింది.

“ఇంకా ఏముందో ఒక్కసారే చెప్పి చావు!”

“ఒక్కటే వదినా. నువ్వు అక్కడే ఉండిపోవని నమ్మకమేమిటంటారు అటువాళ్లు. పూచీగా దూడను నా దగ్గర వదిలి వెళ్లు” అని నక్క మూతి నాక్కుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. గేదె కూడా ఒక్క క్షణం ‘పోనీ, వదిలేద్దామా’ అనుకుంది. అంతగా విసిగించారు దాన్ని! కానీ దూడ వణుకుతూ పొట్ట కిందికి దూరేసరికి దానికి తెలివొచ్చింది.

“ఆ అడిగేదేదో అవతలివాళ్లనే అడిగి చస్తాను” అంటూ దూడను తీసుకుని రేవుకి నడిచింది.

“వద్దు వదినా, అడిగితే వాళ్లకి కోపం!” అంటూ నక్క వెంటబడింది.

అవతలి గట్టున ఏనుగు కాపలా కాస్తోంది.

“ఏనుగు దొరా! జలపాతం చూసి రావాలి. నాకూ నా బిడ్డకీ అనుమతి కావాలా?”

“గడ్డి మేసేవాళ్లకి అక్కర్లేదమ్మా. అమావాస్య లోపు తిరిగి వెళ్లిపోతే చాలు. రండి.”

“అంతేనా?”

“అంతే. ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేదా?”

“అందరినీ అడిగాను దొరా, మిమ్మల్ని తప్ప!”

గేదె, దూడ వాగు దాటాయి. దూడ మీద ఆశ చావక నక్క కూడా వెనకే దిగింది. ఏనుగు తొండం అడ్డం పెట్టింది.

“మాంసం తినేవాళ్లకి అనుమతి ఉండాలి. ఏదీ?”

నక్క దర్జాగా టేకాకు చూపించింది.

“ఈ పంజా ఎవరిది?”

“నాదే దొరా.”

“మాకు కావలసింది మా రాజు పంజా” అంటూ ఏనుగు నక్కని ఎత్తి నడివాగులోకి విసిరేసింది.

నక్క తడిసిన తోకతో ఇవతలి గట్టెక్కి గొంతు చించుకుంది.

“వదినా! నాకు అనుమతి ఎవరిస్తారో కాస్త కనుక్కో!”

గేదె వెనక్కి తిరగకుండానే అంది.

“కాకినడుగు మరిదీ!”

నీతి: ఏ గుమ్మం దాటాలో ఆ గుమ్మంలోనే అడగాలి.